యంత్రము మొరాయించినపుడు

పోయిన సెలవులలో మన పాఠశాల పదవ తరగతి బాలిక యొకతె తన అవ్వ దగ్గర కూర్చుండి, రాగిచేని పనులకు మన పల్లెలలో వాడుకలోనున్న మాటలను వ్రాసికొని వచ్చెను. మేడి, నొగ, కర్రు మొదలుకొని, మేము నిఘంటువులలో వెదకియు కానరాని మాటలవరకు అందు కలవు. ఆ కాగితముల నాధారము చేసికొని మూడు పుటల వ్యాసమును కంప్యూటరు గదిలో టైపు చేసి, భద్రపరచుటకు మీట నొక్కగా తెరపై ఒక ఆంగ్ల వాక్యము కనబడెను: "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్." ప్రక్కనున్న బాలుడు వెంటనే యంత్రమును ఆర్పి తిరిగి వెలిగింతమని స్విచ్చుమీద చేయి వేసెను. మేము వానిని వారించితిమి.

ఆ స్విచ్చు నొక్కియుండినచో వ్యాసము పోయెడిది. టైపు చేసినది భద్రపరచువరకు యంత్రపు తాత్కాలిక స్మృతియందే యుండును. విద్యుత్తు ఆగినతోడనే తుడిచిపెట్టుకొని పోవును. నడుమనడుమ తామే ఒక ప్రతి తీసి దాచు ప్రోగ్రాములు కలవు గాని, దాచుటకు చోటే లేనపుడు అవి మాత్రమేమి చేయగలవు? కావున మొదట ఒక పెన్ డ్రైవును తగిలించి, వ్యాసమును దానిలో భద్రపరచితిమి. రోగమేదియో విచారించుట ఆ తరువాతి మాట.

మన గదిలోని యంత్రములు లినక్స్ అను వ్యవస్థతో నడచుచున్నవి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సును మొదలిడిరి. దాని పోలికనే 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును నిర్మింప నారంభించెను. ఈ వంశపు వ్యవస్థల కొక గుణము కలదు. పని సరిగా జరిగినచో మౌనము వహించును. జరుగనిచో ఒక్క వాక్యము పలుకును. ఆ వాక్యము చాలవరకు నిజమే పలుకును. మన పిల్లలు దానిని చదువకయే మూసివేయుట మేము నిత్యము చూచుచున్నాము. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఆంగ్లము నేర్చు పిల్లలకు ఐదు మాటల వాక్యమొక లెక్కయా!

యంత్రము చోటు లేదన్నది. నిజముగా లేదా యని తెలిసికొనుటకు టెర్మినల్ అను కిటికీ తెరచి, "డిఎఫ్" అను రెండు ఆంగ్లాక్షరముల ఆజ్ఞ నిచ్చితిమి. డిస్కు నూటికి నూరు వంతులు నిండియున్నదని అది చూపెను. ఏ సంచిలో ఎంత సరుకున్నదో తూచి చెప్పునది "డియు" అను ఆజ్ఞ. పై సంచినుండి లోపలి సంచికి, అందుండి దాని లోపలికి తూచుకొనుచు పోగా, చిట్టాలుండు చోట ఒకే ఒక్క ఫైలు కొండవలె పెరిగి కానవచ్చెను. ఏనాడో ఎవరో నెలకొల్పిన చిన్న ప్రోగ్రామొకటి, ఆ గదినుండి తీసివేయబడిన మరియొక యంత్రమును ఇంకను పిలుచుచు, పలుకు రాలేదని క్షణక్షణమును చిట్టాలో వ్రాసికొనుచున్నది!

నిర్వాహకుని యనుమతితో పిల్లలు ఆ ఫైలును తొలగించిరి. పేరు మాయమైనది. కాని మరల "డిఎఫ్" అడుగగా డిస్కు మునుపటివలెనే నిండియున్నది. ఇచట పిల్లలు మిక్కిలి ఆశ్చర్యపడిరి. కొందరు యంత్రము అబద్ధమాడుచున్నదనిరి.

ఈ వ్యవస్థలలో ఫైలు పేరు వేరు, ఫైలు వేరు. పేరనునది సంచి జాబితాలోని ఒక పంక్తి మాత్రమే. అసలు ఫైలునకు ఐనోడ్ అను వేరొక పద్దు కలదు. ఎంత నిడివి, ఎవరిది, డిస్కులో ఎచటెచట ఉన్నది యను సంగతులు అందుండును. తొలగించుట యనగా జాబితాలోని పంక్తిని కొట్టివేయుట. ఆ ఫైలునకు మరే పేరును లేక, దానిని తెరచి పట్టుకొనియున్న ప్రోగ్రామును లేనపుడే డిస్కులోని చోటు విడుదలగును. మన ప్రోగ్రాము ఫైలును విడువక ఇంకను వ్రాయుచునే యున్నది. హాజరుపట్టీలో పేరు కొట్టివేసినను, పిల్లవాడు బల్లమీదినుండి లేవనిచో చోటు ఖాళీ యగునా? "ఎల్‌సాఫ్" అను ఆజ్ఞ అట్టివారిని చూపును. ఆ ప్రోగ్రామును ఆపితిమి. చోటు ఆ క్షణముననే తిరిగి వచ్చెను. ఫైలును తొలగించుటకు మారుగా, లోపలిది మాత్రము ఖాళీచేసియుండిన ఈ చిక్కు రాకుండెడిది.

యంత్రమును ఆర్పి వెలిగించినను ఆనాటికి చోటు వచ్చియుండెడిదే, ఒప్పుకొనవలెను. కాని ఆ ప్రోగ్రాము యంత్రముతోపాటు తానును లేచి, మరల వ్రాయ మొదలిడి, కొన్ని నెలలకు మరియొకరి వ్యాసమున కడ్డుపడియుండెడిది.

ఇంతలో రెండవ చిక్కు వచ్చినది. పెన్ డ్రైవునుండి వ్యాసమును తిరిగి యంత్రములోనికి తెచ్చుకొనబోగా, "ఫైల్ నేమ్ టూ లాంగ్," అనగా పేరు మిక్కిలి పొడవైనదని వచ్చెను. ఆ బాలిక పెట్టిన పేరు ఇది: "మా అవ్వ నాకు చెప్పిన రాగిచేని పనుల మాటలు, నాగలి భాగముల పేర్లు, ఎద్దులబండి మాటలు, కళ్ళములో పాడు పాటలు". పొడవైనదే గాని, ఇంత పేరును పెన్ డ్రైవు ఒప్పుకొన్నది; యంత్రమేల ఒప్పుకొనదు?

పెన్ డ్రైవు అమరికలో గుర్తుల నెంచుదురు. 255 గుర్తులవరకు చెల్లును. మన లినక్సు డిస్కు అమరికలో బైట్ల నెంచుదురు. అచటను హద్దు 255 యే. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు గుర్తు ప్రతిదానికి మూడు బైట్లు కావలెను. అదియు మనము పలుకు అక్షరమునకు కాదు. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, దేనికదియే వేరు. "స్త్రీ" యను ఒక్క అక్షరములో ఆరు గుర్తులు, 18 బైట్లు కలవు. బాలిక పెట్టిన పేరున పలుకునవి 44 అక్షరములే. గుర్తులు మాత్రము 83; వానికి 249 బైట్లు; నడుమ ఖాళీలకును కామాలకును 17; చివర ఫైలు జాతిని తెలుపు తోకకు 4. మొత్తము 270.

తెలుగునకు మూడింతల పన్నేల యని ఒక తండ్రిగారు మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్న. యూటీఎఫ్-8 అను ఈ పద్ధతిని 1992లో రూపొందించినవారు యూనిక్సును మొదలిడిన ఆ కెన్ థాంప్సన్, ఆయన సహచరుడు రాబ్ పైక్. అప్పటికే ఆంగ్లములోనున్న ఫైళ్ళేవియు చెడరాదని, ఆంగ్లాక్షరములను ఒక్కొక్క బైటులోనే యుంచి, తక్కిన లిపులకు ఎక్కువ బైట్లను కేటాయించిరి. ముందు వచ్చినవాడు ముందు వరుసలో కూర్చుండెను. ఇందు ద్వేషమేమియు మాకు కనబడలేదు. ఆ పద్ధతి వలననే తెలుగు, తమిళము, ఆంగ్లము ఒకే పుటలో ఇముడుచున్నవి. ఐనను పేరు పెట్టునపుడు ఈ లెక్క మనము ఎరిగియుండవలెను.

మరియొక మాట. ఈ వ్యాసమును వేరొక యంత్రములో తెరచినపుడు అక్షరములకు బదులు చిన్నచిన్న పెట్టెలు కనబడినచో, వ్రాసినది చెడినదని తలంచి మరల టైపు చేయవలదు. లోపలి తెలుగు చెక్కుచెదరదు. చూపుటకు ఆ యంత్రమున తెలుగు ఫాంటు లేదు, అంతియే. లోహిత్ తెలుగు వంటి ఉచిత ఫాంటు నొకదానిని స్థాపించిన చాలును.

బాలిక తన ఫైలు పేరును "అవ్వ మాటలు" అని మార్చుకొన్నది. తోకతో కలిపి 32 బైట్లు. ఆ వ్యాసము ఈ సంచికలోనే కలదు.