కుక్కకే కాదు, గోడ పగుళ్లకూ చికిత్స కావాలి!

హైదరాబాద్: వానాకాలం వచ్చిందంటే అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల అపార్టుమెంట్లలో పెంపుడు కుక్కలకు దురద బాధ మొదలవుతుంది. కుక్క రాత్రంతా గోక్కుంటుంటే ఇంటిల్లిపాదికీ నిద్ర కరువే. ఏదో పౌడరు చల్లి, అన్నంలో ప్రోబయాటిక్ పొడి కలిపి పెట్టి, ఫలితం లేక విసిగి కుక్కను వీధిలో వదిలేసేవారూ లేకపోలేదు.

దురదకు కారణాలు అనేకం. ముందుగా చూడవలసింది గోమార్లు. ఆడ గోమారి కడుపునిండా రక్తం తాగి కిందికి దిగి, గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లలు మళ్లీ కుక్కనే పట్టుకుంటాయి. కనుక ఒంటి మీదవి ఏరేస్తే చాలదు. కుక్క పడుకునే గుడ్డలను వేడినీటిలో ఉతికి ఎండవేయాలి. పగుళ్లు పూడ్చాలి.

గోమార్ల వల్ల వచ్చే జ్వరం ప్రాణాంతకం కావచ్చు. తిండి మానినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా ఆలస్యం చేయరాదు. చెవి అంచుల్లో, మోచేతుల వద్ద వెంట్రుకలు రాలితే గజ్జి కావచ్చు. అది మనుషులకూ దురద తెస్తుంది.

కాలిన ఇంజను ఆయిలు, కిరోసిన్ పూయడం ప్రమాదకరం. కుక్క నాకితే విషమే. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ అంచనాగా వేస్తే కోలీ జాతి కుక్కల ప్రాణానికే ముప్పు. ప్రోబయాటిక్‌లు విరేచనాలకు కొంత మేలు చేయవచ్చు గానీ గోమారిని, గజ్జి పురుగును చంపలేవు.

చర్మం గీకి సూక్ష్మదర్శినితో చూస్తే గజ్జి పురుగు కనిపించవచ్చు, కనిపించకపోయినా గజ్జి లేదని చెప్పలేం. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. పొడి డబ్బా కొనేముందు కుక్కను డాక్టరుకు చూపించడం మేలు.