మీకు తెలుసా? పాత కారులో గాలికి జల్లెడే ఉండదు!

పిడుగురాళ్ల సున్నపు బట్టీల వైపు నుంచి నకరికల్లు వచ్చేసరికి కారు లోపల డాష్‌బోర్డు మీద తెల్లటి పొర కనిపిస్తే, అద్దాలు సరిగా మూయలేదని పిల్లల్ని కసరకండి. 1983లో వచ్చిన మారుతి 800లోనూ, అంబాసిడర్‌లోనూ లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ అనేదే లేదు. ముందు అద్దం కింద ఉండే జాలీ నుంచి బయటి గాలి నేరుగా మన ముక్కుకే వస్తుంది.

ఆ జాలీలోనే అసలు తంటా. చెట్టు కింద నిలిపిన బండిలో వేపాకులు, పూత రాలి నీళ్లు పోయే రంధ్రాలకు అడ్డం పడతాయి. వానాకాలంలో ఆ నీరు లోపలికి దిగి, కాళ్ల కింద కార్పెట్ ముక్కిపోయిన వాసన వేస్తుంది. నెలకోసారి చేత్తో ఏరేస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

ఫిల్టర్ ఉన్న బండైతే అది సాధారణంగా గ్లవ్ బాక్స్ వెనక దొరుకుతుంది. మిరప కల్లాల దుమ్ములో తిరిగే బండికి దాన్ని మార్చడానికి కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగకండి. కడిగి మళ్లీ వాడొద్దు. సన్నని ధూళిని పట్టే గుణం పోతుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని మీది బాణం గుర్తు గాలి వెళ్లే దిక్కుకే ఉండాలి.

ఒక్కటి మాత్రం మరవొద్దు: ఏ ఫిల్టరూ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. సైలెన్సర్ గొట్టం చిల్లులుపడిన పాత బండిలో ఏసీ వేసుకుని నిద్రపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.