ఒక్కరే స్టేజ్ మీద సావిత్రీబాయిగా నిలబడాలంటే? సోలో షో వెనక ఉన్న అసలు పని

స్కూల్లో ఏకపాత్రాభినయం చెయ్యనివాళ్లు, కనీసం చూడనివాళ్లు మనలో చాలా తక్కువ. యానివర్సరీ రోజు అట్ట కిరీటం, భుజం మీద గద, ఐదు నిమిషాల దుర్యోధనుడు. చప్పట్లు, ప్రైజుగా స్టీల్ డబ్బా. అయిపోయింది. ఇప్పుడు కిరీటం లేదు, గద లేదు, పాత్ర పురాణంలోది కాదు, నిజంగా బతికిన మనిషి. నలభై నిమిషాలు మీరొక్కరే మాట్లాడాలి. అప్పుడేం చేస్తారు?

పోయిన ఎపిసోడ్ కింద ఒక చెల్లి కామెంట్ పెట్టింది. "అక్కా, కాలేజ్ ఫెస్ట్‌లో సావిత్రీబాయి ఫూలే మీద సోలో చెయ్యాలనుకుంటున్నా, ఎక్కడ స్టార్ట్ చెయ్యాలి?" అని. నేను కూడా ఒకసారి అదే పని చేసి బోల్తా పడ్డా. కాబట్టి ఆ బోల్తాతో సహా చెప్తా.

ముందు, ఈ పని బాగా చేసినావిడ గురించి. మరాఠీలో సుషమా దేశ్‌పాండే అని జర్నలిస్టు, నాటకాలావిడ. 1989లో సావిత్రీబాయి మీద తనే రాసి, తనే ఒక్కతే నటించిన షో మొదలుపెట్టారు. పేరు "వ్హయ్, మీ సావిత్రీబాయి". మన తెలుగు చెవికి అది "మీ యొక్క సావిత్రీబాయి" అన్నట్టు వినిపిస్తుంది కదా, కానీ మరాఠీలో "మీ" అంటే "నేను". అంటే "అవును, నేను సావిత్రీబాయిని" అని. ఆ "వ్హయ్" కూడా పల్లెటూరి మాట. ఇరవై ఏళ్లకు పైగా మహారాష్ట్ర ఊళ్లు తిరిగి వేశారు, తర్వాత చిన్నవయసు నటీమణులూ వేశారు. పెద్ద సెట్ ఉండదు. సావిత్రీబాయి వచ్చి ఎదురుగా కూర్చున్న జనంతో నేరుగా మాట్లాడుతుంది, అంతే.

ఆ "నేరుగా మాట్లాడుతుంది" అన్న ముక్క నాకు అప్పట్లో అర్థం కాలేదు. నా ఫస్ట్ స్క్రిప్ట్ ఎలా ఉండేదంటే: "నేను 1831 జనవరి 3న సతారా జిల్లా నాయ్‌గావ్‌లో పుట్టాను, 1840లో జ్యోతిరావుతో నా పెళ్లయింది, 1848లో పుణెలోని భిడేవాడాలో ఆడపిల్లల బడి తెరిచాం..." వివరాలన్నీ కరెక్టే. కానీ తన గురించి తను ఎవరైనా అలా మాట్లాడుకుంటారా? క్యాంపస్ ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని అడిగినట్టుంది. పదో నిమిషానికి ముందు వరసలో ఫోన్ల వెలుగు కనపడింది. షో అయ్యాక ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గరికొచ్చి, "ఇవన్నీ పుస్తకంలో ఉన్నవేగా తల్లీ, ఇంతకీ ఆవిడ ఎవరితో మాట్లాడుతున్నట్టు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. స్క్రిప్ట్ మొత్తం పక్కన పడేశా.

ఆవిడ నిజంగా ఒకరితో మాట్లాడిన ఆధారాలు ఉన్నాయి. భర్తకు రాసిన ఉత్తరాలు మూడు మిగిలాయి: 1856, 1868, 1877వి. 1856లో జబ్బుపడి పుట్టింట్లో ఉండి రాశారు. మీ మొగుడూ పెళ్లాలు చేసే పనికి ఊరు మిమ్మల్ని వెలేసింది, మానెయ్యండి అని అన్న గొడవ పెట్టుకుంటే తనెలా ఎదురు చెప్పిందో అందులో ఉంటుంది. 1868 దాంట్లో గణేశ్ అనే బ్రాహ్మణ అబ్బాయి, సర్జా అనే మహర్ అమ్మాయి ప్రేమించుకున్నారని ఊరంతా కలిసి చంపెయ్యబోతుంటే ఈవిడ అడ్డుపడిన సంగతి. 1877 ఉత్తరం కరువు గురించి. చూడండి, వినే మనిషెవరో తెలియగానే భాష మారిపోద్ది. భర్తకి పుట్టిన తేదీ చెప్పదు కదా! "మీరుంటే ఏమనేవారో" అన్నట్టు మాట్లాడుతుంది.

ఇక ఒక్క మనిషి ఊరంతటినీ ఎలా చూపిస్తుంది? గొంతులు మార్చి మిమిక్రీ చేస్తే కామెడీ అయిపోద్ది, నేను చేసి చూశా. పనికొచ్చేది చూపు. జ్యోతిరావు ఎప్పుడూ కుడివైపు, మీ కళ్లకన్నా కాస్త ఎత్తులో ఉంటారని ఫిక్స్ అయిపోండి. అన్న ఎడమవైపు కింద కూర్చుంటాడు. ఆ పాయింట్లు ఒక్కసారి మారినా ఆడియన్స్ కన్ఫ్యూజ్ అవుతారు. గణేశ్, సర్జా సీన్లో నేను గుంపు అరుపులేవీ చెయ్యలేదు. ఒక్కో మనిషి ముఖం వైపు చూస్తూ వెళ్లి, చివర్లో నేల మీదకి చూపు దించా. అక్కడ ఆ ఇద్దరూ పడి ఉన్నారన్న సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని రాలేదు.

వస్తువు ఒక్కటే పెట్టుకున్నా: గుడ్డ సంచిలో ఇంకో చీర. బడికి వెళ్లే దారిలో బురద, పేడ విసిరేవాళ్లని, అందుకే మార్చుకోడానికి ఇంకో చీర తీసుకెళ్లేవారని అందరూ చెప్పుకునే కథ ఉంది కదా. స్టేజ్ మీద చీర మార్చుకోలేం. కాబట్టి మురికి చీరని నెమ్మదిగా మడతపెట్టి సంచిలో సర్దడం మాత్రమే చేశా. ఆ టైమ్‌లో డైలాగ్ లేదు, మ్యూజిక్ లేదు. మొత్తం షోలో అందరూ గుర్తుపెట్టుకుంది అదే. రాత్రుళ్లు కూర్చుని రాసిన డైలాగులు ఒక్కళ్లకీ గుర్తులేవు, కొంచెం బాధేసింది లెండి.

అయితే ఒక్క లైన్ మాత్రం గుర్తుండిపోయింది, అదే నా కొంప ముంచింది. బడి తలుపు తెరిచే సీన్‌కి రాత్రి రెండింటికి ఒక పంచ్ లైన్ రాశా. ఎవరో దాన్ని రికార్డ్ చేసి రీల్ పెట్టారు. 2025 నుంచి తెలంగాణలో సావిత్రీబాయి పుట్టినరోజుని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా చేస్తున్నారు కదా, అలాంటి ఒక జనవరి 3న ఓ స్కూల్ బ్యానర్ ఫొటో నా ఫోన్‌కి వచ్చింది. ఆవిడ బొమ్మ, కింద కోట్స్‌లో నా లైన్, దాని కింద ఆవిడ సంతకంలా పేరు! మొదటి సెకను నవ్వొచ్చింది. తర్వాత కడుపులో తిప్పినట్టయింది. 1854లోనే "కావ్యఫూలే" అని సొంత కవితల పుస్తకం అచ్చేసిన మనిషి ఆవిడ. ఆవిడ నోట్లో నా మాటలు కూరానన్నమాట.

ఇది చిన్న విషయం కాదు. 2025 జనవరిలోనే, సావిత్రీబాయితో పనిచేసిన ఫాతిమా షేక్ అసలు లేనేలేదు, తానే కల్పించానని ఒక రచయిత పోస్ట్ పెడితే సోషల్ మీడియా అంతా రచ్చ. అప్పుడు జనం చూపించిన ఆధారాల్లో ఒకటి ఆ 1856 ఉత్తరమే. తను లేకపోవడంతో ఫాతిమాకి కష్టంగా ఉంటుందని, అయినా ఆమె సణగదని అందులో ఓ చిన్న ప్రస్తావన ఉంది. అంత చిన్న మాట మీద ఒక మనిషి ఉందా లేదా అనే వాదన నిలబడింది. ఈ పక్కన నేను ఫాతిమాకి రెండు పేజీల డైలాగులు రాసి పెట్టుకున్నా. మొత్తం తీసేశా.

కొత్త వెర్షన్‌లో రూల్ పెట్టుకున్నా. సావిత్రీబాయి రాసిన మాటైతే చేతిలో కాగితం పట్టుకుని చదువుతా. నేను అల్లిందైతే కాగితం కింద పెట్టి మాట్లాడతా. మొదట్లోనే ఆడియన్స్‌కి ఈ సంగతి చెప్పేస్తా. సస్పెన్స్ పోద్దేమో అని భయపడ్డా, కానీ రివర్స్ అయింది. నేను కాగితం తీసిన ప్రతిసారీ హాల్ సైలెంట్.

చివరి సీన్ దగ్గర బాగా ఇరుక్కున్నా. 1897లో పుణెలో ప్లేగు. కొడుకు యశ్వంత్ డాక్టర్, ఊరి బయట వైద్యం చేస్తున్నాడు. ఈవిడ ఒక జబ్బు పిల్లాణ్ని వీపున మోసుకుని అక్కడికి తీసుకెళ్లారు. పిల్లాడు బతికాడు, ఈవిడకి ప్లేగు అంటుకుని మార్చి 10న పోయారు. దగ్గుతూ పడిపోయే సీన్ రిహార్సల్ చేశా, చెత్తగా వచ్చింది. ఇప్పుడు సంచిలోని చీరనే వీపున మూటలా కట్టుకుని, కాగితాలు స్టేజ్ మీదే వదిలేసి, ఆడియన్స్ మధ్యలోంచి నడిచి బయటికి వెళ్లిపోతా.

చెల్లీ, నీ ఫెస్ట్‌కి ఇరవై నిమిషాలిస్తే 1868 ఉత్తరం ఒక్కటే తీసుకో, ఇంగ్లిష్ అనువాదం దొరుకుతుంది. మాటలు బట్టీ పట్టకముందే ఎవరెక్కడ నిలబడ్డారో నేల మీద చాక్‌పీస్‌తో గీసుకో. కాలర్ మైక్ అడుగు, చేతి మైక్ ఇస్తే వద్దను, సంచి పట్టుకోడానికి రెండు చేతులూ కావాలి. డేట్ కామెంట్స్‌లో పెట్టు, హైదరాబాద్‌లో అయితే వస్తా.