మూసిపెట్టిన ఎనిమిదవ అధ్యాయము

ఓరుగల్లు సోదరీమణులు శ్రీకృష్ణ సంఘము పేరు మఱచియుండరు. తెలంగాణ విషయమును విచారించుటకై భారత ప్రభుత్వము 2010 ఫిబ్రవరిలో జస్టిస్ బి. ఎన్. శ్రీకృష్ణగారి అధ్యక్షతను ఐదుగురితో ఈ సంఘమును నియమించెను. అందు ఆచార్య రవీందర్ కౌర్‌గారను విదుషీమణియు నుండిరి. 2010 డిసెంబరు 30న సమర్పింపబడిన నివేదిక 2011 జనవరి 6న ప్రకటింపబడెను. ఆఱు మార్గములు సూచింపబడినవి. కాని శాంతిభద్రతలను గూర్చిన ఎనిమిదవ అధ్యాయము మాత్రము ముద్రవేసిన కవరులో కేంద్రమునకు చేరినది.

మాజీ పార్లమెంటు సభ్యులు ఎం. నారాయణరెడ్డిగారు హైకోర్టు నాశ్రయింపగా, 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డిగారు దానిని బయటపెట్టవలెనని తీర్పు చెప్పిరి.

రహస్యము వెల్లడియైనచో శాంతికి భంగము కలుగునని కొందఱి వాదము. ఇది బొత్తిగా త్రోసివేయదగినది కాదు. సాక్షుల పేళ్లు కాపాడవలసినవే. అయినను వానిని మఱుగుపఱచి మిగిలినది ప్రకటింపవచ్చును గదా! 2005 నాటి సమాచారహక్కు చట్టమును ఇట్టి వీలునే కల్పించినది. కాకతీయ విశ్వవిద్యాలయమున చదువు బిడ్డలు ఉద్యమమున దిగగా, ప్రాణములు గుప్పిట బెట్టుకొని యుండిన తల్లులు, ఆ యుద్యమమును గూర్చి ప్రభుత్వమునకు ఏమి చెప్పబడెనో యెఱుగవలదా? పద్దుపుస్తకమున నొక పుట దాచి లెక్క సరిపోయినదన్నచో ఏ గృహిణి నమ్మును?

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. అంతమాత్రమున నీ ప్రశ్న తీరలేదు. ఇకముందు ఏ విచారణసంఘము కూర్చున్నను, నివేదిక వచ్చినదా యని గాక, మొత్తము వచ్చినదా యని మనమడుగవలెనని మా మనవి.