రంగు పక్కన ఒక అక్షరం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. పీజీ చేస్తూ ఈమధ్య, అంకెలను చార్టులుగా అందరికీ అర్థమయ్యేలా చూపడం ఎలా అనే అంశంపై జరిగిన సదస్సుకు వెళ్లాను. అక్కడ తెలుసుకున్నది హాస్టల్ మిత్రులతో పంచుకుంటున్నాను.

మన నోటీసు బోర్డు మీద ఫలితాల చార్టు పెట్టేవాళ్లం. పాసైతే ఆకుపచ్చ, ఫెయిలైతే ఎరుపు. నా రూమ్మేట్ ఒకడు "నాది ఏ రంగురా?" అని అడిగితే అందరం నవ్వేవాళ్లం. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియకపోవడం ఎక్కువగా పుట్టుకతో వచ్చేదే. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోములో ఉండటం వల్ల మగవారిలోనే ఎక్కువ. అలాంటివారికి రంగుతోపాటు ఒక అక్షరమో గుర్తో ఉంటే చాలు.

చూపులేనివారు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్ ద్వారా వింటారు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది. వివరణ లేని చార్టు వస్తే అది 'బొమ్మ' అని చెప్పి ఊరుకుంటుంది. కాబట్టి వివరణ మనమే రాయాలి.

ఏం రాయాలి? 2021లో అలన్ లండ్‌గార్డ్, అరవింద్ సత్యనారాయణ్ దీన్ని నాలుగు మెట్లుగా చెప్పారు. ఒకటి, చార్టు రకం, అందులో ఏముందో. రెండు, ఎక్కువ తక్కువల అంకెలు. మూడు, పెరుగుతోందా తగ్గుతోందా. నాలుగు, దాని వెనుక సందర్భం. చూపులేని 30 మందిని అడిగితే రెండు, మూడు మెట్లు బాగా ఉపయోగమన్నారు. నాలుగో దానిపై అభిప్రాయాలు కలవలేదు. అర్థం మేమే చెప్పుకుంటామన్నారు కొందరు.

తిరిగొచ్చాక ఆ రూమ్మేట్‌కు ఫోన్ చేసి క్షమించమన్నాను. "ఇప్పటికైనా తెలిసిందిరా" అన్నాడు.

తమ్ముళ్లూ, ఈసారి చార్టు వేసేటప్పుడు రంగు పక్కన అక్షరం కూడా రాయండి.