మూడోసారీ పోయిందా? ముందు స్కోరు రిపోర్టు చదవండి

పొదిలి నుంచి బస్సెక్కి వెళ్లి, సీసీఎన్‌ఏ రాసి, 'ఫెయిల్' అన్న కాగితంతో ఇంటికి రావడం ఎంత కష్టమో అనుభవించిన వాళ్లకే తెలుసు. ఫీజు 300 డాలర్లు. మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి ఇచ్చిన నాన్నను మళ్లీ ఎలా అడగాలి?

ఫెయిలైన ఐదు రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. అలాగని వెంటనే బుక్ చేసేయకండి. ఏ విభాగంలో ఎంత శాతం వచ్చిందో రిపోర్టులోనే ఉంటుంది. ఐపీ కనెక్టివిటీ వెయిటేజీ 25 శాతం. నెట్‌వర్క్ ఫండమెంటల్స్, నెట్‌వర్క్ యాక్సెస్‌లకు చెరో 20 శాతం. ముందు వీటిలో ఎక్కడ తగ్గిందో చూడండి.

డంప్స్ బట్టీ పట్టడం నిబంధనలకు విరుద్ధం. పైగా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. రోజుకో చిన్న నెట్‌వర్క్ కట్టండి, కావాలనే చెడగొట్టండి, మళ్లీ బాగుచేయండి. సబ్‌నెట్టింగ్ లెక్కలు కాగితం మీద చేయండి. పరీక్షకు 120 నిమిషాలే. దాటేసిన ప్రశ్నకు వెనక్కి వెళ్లలేరు. అందుకే టైం పెట్టుకుని ప్రాక్టీస్ చేయాలి.

ఇంకో మాట. రిపోర్టు ఇంట్లో దాచకండి. ఎక్కడ తగ్గిందో, ఈసారి ఏం మారుస్తారో నాన్నకు చెప్పండి. పంట పోతే కారణం వెతికి మళ్లీ విత్తే మనిషికి ఈ మాట అర్థం కాకపోదు.