బుల్లి కారు... బోలెడు సర్దుబాట్లు!

రిమోట్ మీట నొక్కగానే బుర్రుమని దూసుకెళ్తుంది. తిన్నగా వెళ్లినంతసేపూ దానంత కారు లేదు. మలుపు వచ్చిందా... గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి ముక్కు పెట్టి నిలబడుతుంది. 'మోటారు చాల్లేదు, పెద్దది కావాలి' అంటాడు పిల్లాడు. కొనిచ్చేస్తాడు నాన్న. ఈసారి ఇంకాస్త జోరుగా గిర్రున తిరుగుతుంది! జబ్బు మోటారుది కాదు మరి, వెనక టైర్లది.

రిమోట్ కార్లలో బొమ్మల కొట్లో దొరికేవి వేరు, పందెం కార్లు వేరు. జపాన్ కంపెనీ తమియా 1976లో పోర్షే 934 నమూనాతో ఈ రంగంలో అడుగుపెట్టింది. ఇప్పుడు అసలు కారులో పదో వంతు ఉండే రకానికి ఆదరణ ఎక్కువ. ఉండేది కిలోన్నర అటూఇటూ. అయినా స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, డిఫరెన్షియల్... పెద్ద కారుకున్నవన్నీ ఉంటాయి. స్క్రూ తిప్పి అన్నీ మార్చుకోవచ్చు. చిక్కంతా అక్కడే!

గాలి లేని టైరు

ఈ టైర్లలో గాలి కొట్టరు. లోపల స్పాంజి ఉంటుంది. రబ్బరు ఎంత మెత్తన, స్పాంజి ఎంత గట్టిన అన్నదాన్ని బట్టే నేల మీద పట్టు. అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరాన్నే తీసుకోండి. గురజాడ పుట్టిన ఊరు. ఊళ్లో సిమెంటు రోడ్డు, పొలాలకెళ్లే మట్టిబాట, మండలంలోనే రేవుపోలవరం తీరాన ఇసుక. మూడింటికీ ఒకే టైరంటే కుదరదు. సిమెంటు మీదికి నున్నటి టైరు కావాలి. దుమ్ము బాటకి ముళ్లలాంటి బొడిపెలున్నది. పొడి ఇసుకలోనైతే తెడ్డు రెక్కల టైరే గతి. మెత్తటి రబ్బరుకు పట్టెక్కువే గానీ, గరుకు సిమెంటు మీద ఇట్టే అరిగి జేబుకు చిల్లు పెడుతుంది. ఎండకు నేల వేడెక్కితే రబ్బరు తీరూ మారుతుంది. మధ్యాహ్నం బుద్ధిగా నడిచిన కారు సాయంత్రం మొరాయించేది అందుకే.

పట్టు మరీ ఎక్కువైనా ముప్పే. మలుపులో టైరు జారాల్సిన చోట జారక కారు పల్టీ కొడుతుంది. అప్పుడు పందెగాళ్లు చేసే పని విచిత్రంగా ఉంటుంది. టైరు పక్క అంచుకి జిగురు రాసి, ఎండబెట్టి, కావాలనే పట్టు తగ్గిస్తారు. కారు ఎత్తూ కాస్త దించుతారు.

మంచం కోడు లెక్క

ఒక కోడు పొట్టిదైతే మంచం ఊగుతుంది కదా. ఛాసిస్ మెలిపడితే కారూ అంతే. ఎడమకి చక్కగా తిరుగుతుంది, కుడికి మొండికేస్తుంది. చదునైన గాజుపలక మీద కారు పెట్టి, ముందు భాగం సరిగ్గా మధ్యలో చాకు మొనతో మెల్లగా ఎత్తండి. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే సరే. ఒకటి ముందు లేస్తే మెలి ఉన్నట్టే, లేదా స్ప్రింగుల బిగువులో తేడా ఉన్నట్టే. ఇది సరిచేయకుండా మిగతావి ఎన్ని తిప్పినా దండగ.

తర్వాత చక్రాల వాలు. ముందునుంచి చూస్తే పైభాగం లోపలికి ఒకటి రెండు డిగ్రీలు వాలాలి. కొలవడానికి పరికరాలున్నాయి గానీ, అరుగుదలే అసలు సాక్షి. లోపలి అంచు అరిగితే వాలు ఎక్కువైనట్టు, బయటి అంచు అరిగితే చాలనట్టు. వెనక చక్రాల ముందంచులు రెండు మూడు డిగ్రీలు లోపలికి చూస్తుంటే కారు నిలకడగా పోతుంది. గిర్రున తిరిగే కారుకి ఇదీ, మెత్తటి వెనక స్ప్రింగులూ మందు. అసలు తిరగనే తిరగకపోతే ముందు స్ప్రింగులు మెత్తనివి వేయాలి.

ఇన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో బ్రహ్మకైనా తెలీదు. ఒక మార్పు, నాలుగు చుట్లు, పుస్తకంలో ఒక గీత... పద్ధతి ఇదే.

ఇరుసు మీద చక్రం వంకర తిరిగితే ఈ సర్దుబాట్లేవీ అక్కరకు రావు. ఆ పక్కన వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి బొమ్మలు చేసే కళాకారులకు ఈ సంగతి కొత్త కాదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లక్క బొమ్మలకు మోటారూ లేదు, రిమోటూ లేదు. అక్కడా గుండ్రదనం కుదరాలంటే కర్రని నడిమధ్యన బిగించాల్సిందే.

రేవుపోలవరంలో ఆడించిన కారుని మాత్రం అలాగే అటకెక్కించకండి. ఉప్పు తేమకి బేరింగులు పట్టేస్తాయి. ఊడదీసి, ఇసుక దులిపి, తుడిచి ఒక చుక్క నూనె వేయండి. వేలితో తిప్పితే చక్రం చప్పుడు లేకుండా తిరగాలి. గరగరమంటే ఆ బేరింగు మార్చాల్సిందే.